ఎలా తెల్లవారావు, తల్లీ?



మెక్సికో దేశానికి దక్షిణాన, కొండల నడుమ వహాకా అనే ఊరుంది. అక్కడి పాత చర్చీలూ బంగళాలూ లేతాకుపచ్చ ఛాయ ఉన్న రాతితో కట్టినవి. చాలా ఏళ్ళ కిందట స్పానిష్ నేర్చుకోవడానికి వెళ్ళి, ఆ ఊళ్ళో ఒక ఇంట్లో కొన్ని నెలలు అద్దెకున్నాను. ఆ ఇంటి పెద్దావిడకు అప్పటికే డెబ్బై దాటాయి. పొద్దున్నే నేను వంటింటి గడప దగ్గర కనబడగానే, పెనం మీద మొక్కజొన్న రొట్టె తిరగేస్తూ రోజూ ఒకే ప్రశ్న అడిగేది.

"కోమో అమనెసిస్తె, మిహా?"

నా పాఠ్యపుస్తకంలో ఆ ప్రశ్న లేదు. అందులో ఉన్నది 'కోమో ఎస్తాస్', అంటే 'ఎలా ఉన్నావు'. మరి ఈవిడ అడిగేదేమిటి? నిఘంటువు తీసి చూశాను. 'అమనెసెర్' అంటే తెల్లవారడం. 'మిహా' అంటే 'నా కూతురు' అనే రెండు మాటలు ఒకదాంట్లోకి ఒకటి ఒదిగిపోయి పుట్టిన పిలుపు. మన ఇళ్ళల్లో 'తల్లీ', 'అమ్మడూ' అన్నట్టు. అంటే ఆవిడ నన్ను రోజూ అడుగుతున్నది, 'ఎలా తెల్లవారావు, తల్లీ?' అని. మనకు పొద్దు తెల్లవారుతుంది. వాళ్ళకు మనిషి కూడా తెల్లవారుతుంది.

ఒక రోజు పొద్దున లేచేసరికి ఒళ్ళు వెచ్చగా ఉంది. వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ అలవాటుగా అడిగింది. నేను 'రెగులార్' అన్నాను. రెగ్యులర్ అనే మాట మనకూ తెలిసిందే కదా, మామూలుగానే ఉన్నాను అని చెప్పానని నా అనుకోలు. ఆవిడ చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది. పొయ్యి కట్టేసింది. కుర్చీ లాగి నా ఎదురుగా కూర్చుంది. అరచెయ్యి తిప్పి నా నుదుటి మీద ఆనించి, 'కె తియెనెస్?' అంది. 'ఏమైంది నీకు?' అని. ఆ తరవాత వేడివేడి చామంతిపూల టీ వచ్చింది. దుప్పటి వచ్చింది. స్పానిష్‌లో 'రెగులార్' అంటే 'అంత బాగా లేదు' అని నాకు సాయంత్రానికి తెలిసింది. తెలియకుండానే నిజం చెప్పాను. రోజూ వినే ఆ ప్రశ్నకు జవాబు వినేవాళ్ళు కూడా ఆ ఇంట్లో ఉన్నారని నాకు అర్థమైంది ఆ పూటే.

తిరిగొచ్చి హైదరాబాదులో స్పానిష్ పాఠాలు చెప్పుకుంటున్నాను. మొదటి రోజు మొదటి పాఠం ఎప్పుడూ ఈ ప్రశ్నే. ఇవాళ మీతో కూడా దాని గురించే మాట్లాడతాను. స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఎదుటి మనిషిని 'ఎలా ఉన్నావు' అని ఏయే విధాలుగా అడుగుతారు, ఆ అడగడంలో ఏముంది, జవాబు వినడంలో ఏముంది అని. 20 దేశాలకు స్పానిష్ అధికార భాష. స్పెయిన్ నుంచి అర్జెంటీనా దాకా, ఆఫ్రికాలో ఈక్వటోరియల్ గినీ దాకా. దాదాపు 50 కోట్ల మందికి తల్లిభాష. అంతమంది రోజూ అడిగే ప్రశ్న కాబట్టి దానికి చాలా రూపాలున్నాయి.

ముందుగా 'కోమో ఎస్తాస్'. పలికేటప్పుడు ట అనకండి, త అనండి. మన త, మన ద స్పానిష్‌కు దాదాపు సరిపోతాయి. 'కోమో' అంటే 'ఎలా'. 'ఎస్తాస్' అంటే 'ఉన్నావు'. ఈ 'ఉన్నావు' దగ్గర కాస్త ఆగుదాం.

స్పానిష్‌లో 'ఉండడం' అనడానికి రెండు క్రియలున్నాయి. ఒకటి సెర్, రెండోది ఎస్తార్. నువ్వు ఎవరివి, ఎలాంటివాడివి అన్నది సెర్ చెబుతుంది. ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నావు అన్నది ఎస్తార్ చెబుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఈ తేడా పట్టుకోవడానికి నెలలకు నెలలు కష్టపడతారు. మన పిల్లలకు నేను ఒక్క మాట చెబుతాను. 'ఆమె టీచరు' అంటాం. అందులో 'ఉంది' అనే మాట లేదు. 'ఆమె నీరసంగా ఉంది' అంటాం. ఇక్కడ 'ఉంది' వచ్చింది. 'ఆమె అందగత్తె' వేరు, 'ఇవాళ ఆమె అందంగా ఉంది' వేరు. మొదటిది సెర్, రెండోది ఎస్తార్. రెండూ అన్నిచోట్లా ఇలాగే సరితూగవు గానీ, ఆ తేడాను పసిగట్టే చెవి మనకు పుట్టుకతోనే ఉంది.

ఆ ఒక్క క్రియ మారితే మనిషి మారిపోతాడు. 'ఎస్ మాలో' అంటే అతను చెడ్డవాడు. 'ఎస్తా మాలో' అంటే, స్పెయిన్‌లో, అతనికి ఒంట్లో బాగా లేదు. 'ఎస్ అబుర్రీదో' అంటే విసుగు పుట్టించే మనిషి. 'ఎస్తా అబుర్రీదో' అంటే పాపం, అతనికే విసుగ్గా ఉంది. శాశ్వతమైనదానికి సెర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్ అని కొన్ని పుస్తకాలు సూత్రం చెబుతాయి. కానీ మరణించాడు అనడానికి 'ఎస్తా ముఎర్తో' అంటారు. మరణం కంటే శాశ్వతమైనది ఏముంది? అయినా దానికి ఎస్తారే. ఎందుకంటే చావు కూడా మనిషికి వచ్చిన ఒక స్థితి. అది అతని స్వభావం కాదు.

స్థితి అన్నాను. ఆ మాట ఊరికే వాడలేదు. 'ఎస్తార్' లాటిన్ భాషలోని 'స్తారె' నుంచి వచ్చింది. దాని అర్థం నిలబడడం. సంస్కృతంలోని 'స్థా' ధాతువూ, లాటిన్ 'స్తారె'యూ ఒకే పాత మూలం నుంచి చీలిన కొమ్మలు. ఆ 'స్థా' నుంచే మనం రోజూ వాడే స్థితి, పరిస్థితి, స్థానం వచ్చాయి. ఇంకొక మాట కూడా వచ్చింది. స్వస్థత. స్వస్థుడంటే తనలో తాను నిలిచి ఉన్నవాడు. ఎవరికైనా జబ్బు చేస్తే మన పత్రికలు 'అస్వస్థత' అని రాస్తాయి. అంటే తన చోటు నుంచి కాస్త తొలగాడని. ఈ లెక్కన వేల మైళ్ళ అవతల ఒక మెక్సికన్ తల్లి 'కోమో ఎస్తాస్' అన్నప్పుడు, నీ కాళ్ళ మీద నువ్వు ఎలా నిలబడి ఉన్నావు అని అడుగుతోంది. మన స్వస్థత అనే మాట కూడా అదే చెబుతుంది.

సెర్ కథ ఇంకా చిత్రం. దానిలోని కొన్ని రూపాలు లాటిన్‌లో 'కూర్చోవడం' అనే క్రియ నుంచి వచ్చాయి. అందుకే పిల్లలకు గుర్తుండేలా చెబుతాను. స్వభావం కూర్చుని ఉంటుంది, స్థితి నిలబడి ఉంటుంది. నిలబడ్డది అడుగు తీసి అడుగు వేయగలదు. దిగులుగా ఉన్నవాడిని 'ఎస్తా త్రిస్తె' అన్నారంటే, ఆ దిగులు పక్కన అతను నిలబడ్డాడన్నమాట. రేపు అక్కడి నుంచి కదలొచ్చు. బాధలో ఉన్నవాళ్ళను పలకరించేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. బాధ వాళ్ళ పేరు కాదు, ఇవాళ వాళ్ళున్న చోటు.

ఇక ఎవరిని అడుగుతున్నాం అన్నది. స్నేహితుణ్ణి, చిన్నవాణ్ణి 'తూ' అంటారు, మన 'నువ్వు' లాగా. పెద్దవాళ్ళను 'ఉస్తెద్' అంటారు. 'కోమో ఎస్తా ఉస్తెద్?' ఎలా ఉన్నారు మీరు? ఈ 'ఉస్తెద్' ఒకప్పుడు 'బుఎస్త్రా మెర్సెద్' అనే రెండు మాటలు. 'తమరి దయ' అని అర్థం. నాలుకల మీద నలిగి నలిగి ఇంత చిన్నదైంది. ఎదురుగా ఉన్న మనిషితోనే మాట్లాడుతున్నా, క్రియ మాత్రం అక్కడెక్కడో ఉన్నవారి గురించి చెబుతున్నట్టు వస్తుంది. 'ఏలినవారు ఏమంటారు' అని పాతకాలంలో మనవాళ్ళు అన్నట్టు.

కానీ దేశాన్ని బట్టి లెక్కలు మారతాయి. కొలంబియాలో, బొగోతా వైపు, భార్యాభర్తలు, అన్నదమ్ములు కూడా ఒకరినొకరు 'ఉస్తెద్' అనుకోవడం వింటాం. అక్కడ అది దూరానికి గుర్తు కాదు, ఆప్యాయతే. అర్జెంటీనాలో 'తూ' బదులు 'బోస్' అంటారు. 'కోమో అందాస్?' అని అడుగుతారు. అంటే ఎలా నడుస్తున్నావు అని. కొలంబియాలో స్నేహితులు కలిస్తే 'కె మాస్?' అంటారు. అక్షరాలా మన 'ఇంకేంటి?' హైదరాబాదు బస్టాపులో నిలబడ్డా, బొగోతా బస్టాపులో నిలబడ్డా అదే మాట వినిపిస్తుంది.

రేడియోలో చెప్పుకోవలసిన సంగతి ఇంకొకటుంది. 'బాగున్నావు', 'బాగున్నావా' అనే రెండింటికీ మనకు చివర్న ఒక దీర్ఘం తేడా. స్పానిష్‌లో ఆ తేడా కూడా ఉండదు. 'ఎస్తాస్ బియెన్' అంటే బాగున్నావు. అదే 'ఎస్తాస్ బియెన్?' అంటే బాగున్నావా? మాటలు అవే, గొంతు ఒక్కటే మారింది. అందుకే రాసేటప్పుడు వాళ్ళు ప్రశ్నార్థకాన్ని వాక్యం చివరే కాక, మొదట్లో కూడా తలకిందులుగా పెడతారు. 1713లో ఏర్పడిన స్పెయిన్ రాయల్ అకాడమీ, 1754లో తన లిపి నియమాల పుస్తకంలో ఈ పద్ధతి పెట్టింది. చదివేవాడు మొదటి అక్షరం దగ్గరే గొంతును సిద్ధం చేసుకోవాలని. ఎదుటివాళ్ళ బాగోగులు అడిగేటప్పుడు కూడా అంతే. ప్రశ్న మొదలుపెట్టకముందే మన గొంతు చెప్పేస్తుంది, నిజంగా అడుగుతున్నామా లేదా అని.

నిజంగా అడగాలనుకుంటే స్పానిష్‌లో ఇంకో మెట్టు లోపలికి దిగొచ్చు. 'కోమో తె సియెంతెస్?' నీకు ఎలా అనిపిస్తోంది? పెద్దవాళ్ళనైతే 'కోమో సె సియెంతె?' 'సెంతిర్' అంటే అనుభూతి చెందడం. కూర్చోవడానికి ఉన్న క్రియ వేరే. కానీ 'నేను కూర్చుంటాను' అన్నా, 'నాకు అనిపిస్తోంది' అన్నా స్పానిష్‌లో ఒకే మాట వస్తుంది. 'మె సియెంతో'. నర్సులు రోగిని 'సియెంతెసె' అంటారు, కూర్చోండి అని. వెంటనే 'కోమో సె సియెంతె?' అంటారు. రెండూ దాదాపు ఒకేలా వినబడతాయి. వ్యాకరణంలో అది కాకతాళీయమే. కానీ వహాకా వంటింట్లో ఆవిడ ముందు కుర్చీ లాక్కుని, ఆ తరవాతే ఏమైందని అడగడం నేను చూశాను కనుక, ఆ రెండు మాటలూ నాకు పక్కపక్కనే గుర్తుంటాయి.

నొప్పి చెప్పుకోవడంలో స్పానిష్ మనకు మరీ దగ్గర. 'మె దుఎలె ల కబెసా.' 'మె' అంటే నాకు, 'కబెసా' అంటే తల. నాకు తల నొప్పిగా ఉంది. నొప్పికి తలే కర్త. మనిషి ఆ నొప్పిని అందుకునేవాడు. మనం కూడా 'నాకు' అనే మొదలుపెడతాం. ఆకలి, చలి, నిద్ర, భయం మాత్రం వాళ్ళ దగ్గర 'ఉంటాయి'. 'తెంగో ఆంబ్రె', నా దగ్గర ఆకలి ఉంది. 'తెంగో మియెదో', నా దగ్గర భయం ఉంది. 'దోందె లె దుఎలె?' అంటే ఎక్కడ నొప్పిగా ఉంది అని. స్పానిష్ మాట్లాడే ఏ దేశం వెళ్ళినా ఈ ఒక్క ప్రశ్న తెలిస్తే కనీసం ఒక ముసలి మనిషికైనా సాయపడొచ్చు.

జవాబులు కూడా చూద్దాం. 'బియెన్, గ్రాసియాస్ ఆ దియోస్', దేవుడి దయవల్ల బాగున్నాం. ఇది మన ఇంటి మాటలాగే ఉంది. 'మాస్ ఒ మేనోస్', అంతంతమాత్రం. స్పెయిన్‌లో 'తిరాందో' అంటారు. లాక్కొస్తున్నాం అని. మనమూ అంటాం కదా, ఏదో లాక్కొస్తున్నాం అని. 'అయీ బామోస్', అలా వెళ్తున్నాం. ఇవన్నీ చిన్న జవాబులు. కానీ 'బియెన్'కీ 'రెగులార్'కీ మధ్య ఉన్న దూరం వినగలిగితే, ఒక మనిషి మంచం పట్టకముందే మనం పక్కన కూర్చోగలం.

ఇక్కడ నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఆమె ఇప్పుడు టెక్సాస్‌లో నర్సు. అమెరికాలో 4 కోట్ల మందికి పైగా ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు. అక్కడి మన తెలుగు డాక్టర్లకూ నర్సులకూ ఆ భాష రోజువారీ అవసరం. ఒకరోజు ఒక మెక్సికన్ ముసలమ్మ వచ్చింది. తోడుగా పదేళ్ళ మనవడు. బామ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి వాడే దుబాసీ. ఈ అమ్మాయి నేరుగా స్పానిష్‌లోనే అడిగింది, 'కోమో సె సియెంతె?' అని. ఆవిడ తల దించుకుని 'మె ద పేనా' అంది. 'పేనా' అంటే దుఃఖం అని ఈ అమ్మాయి చదువుకుంది. పాపం, ఏదో పెద్ద దిగులు అనుకుంది. స్పెయిన్‌లోనైతే అది నిజమే. కానీ మెక్సికోలో 'పేనా' అంటే సిగ్గు, మొహమాటం. ఆ ముసలమ్మకు ఉన్నది మూత్రం సమస్య. మనవడి ముందు చెప్పుకోలేక సిగ్గుపడుతోంది. రెండోసారి ఆవిడ కళ్ళు కుర్రాడి వైపు తిరిగినప్పుడు ఈ అమ్మాయికి వెలిగింది. వాణ్ణి బయట కూర్చోబెట్టి, ఫోన్లో ఒక దుబాసీని పిలిపించి, మళ్ళీ మొదటి నుంచి అడిగింది. ఆ ఫోను దింపాక నాకు చేసింది. "మేడమ్, పుస్తకంలో ఒకే మాటకు రెండు దేశాలుంటాయని చెప్పలేదు మీరు" అంది. ఆ రోజు నుంచి నా పాఠంలో 'పేనా' ఉంది.

కొన్ని జవాబులకైతే వైద్యశాస్త్రం కూడా చోటివ్వవలసి వచ్చింది. లాటిన్ అమెరికాలో ఎవరైనా 'సుస్తో' అన్నారంటే, పెద్దగా ఉలిక్కిపడ్డాక ప్రాణం ఒళ్ళు వదిలి ఎటో పోయిందని, అందుకే తిండి సయించక, నిద్ర పట్టక నీరసించానని అర్థం. మన ఊళ్ళల్లో పిల్ల జడుసుకుంది అంటారే, దానికి చాలా దగ్గర. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం అయిదో కూర్పులో 'సుస్తో', 'నెర్బియోస్' (అక్షరాలా 'నరాలు') అనే మాటలు స్పానిష్ పేర్లతోనే ఉన్నాయి. వేరే పేరు పెడితే రోగి చెప్పినది జారిపోవచ్చు.

జారిపోతే ఏమవుతుంది? 1980 జనవరిలో ఫ్లోరిడాలో పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు తీవ్రమైన తలనొప్పితో కుప్పకూలాడు. క్యూబా నుంచి వచ్చిన కుటుంబం. ఆసుపత్రిలో వాళ్ళు అతను 'ఇంతొక్సికాదో' అన్నారు. క్యూబా వాళ్ళ మాటల్లో దాని అర్థం, తిన్నదో తాగినదో పడక ఒంట్లో బాగా లేదని. విన్నవాళ్ళ చెవికి అది 'ఇంటాక్సికేటెడ్', అంటే మత్తులో ఉన్నాడు, అనే ఇంగ్లీషు మాటలా వినబడింది. మత్తుమందు ఎక్కువ తీసుకున్నాడని అనుకున్నారు. ఆ వైద్యమే చేశారు. నిజానికి అతని తలలో రక్తస్రావం అవుతోంది. అది బయటపడేసరికి ఆలస్యమైంది. కాళ్ళూ చేతులూ జీవితాంతం పడిపోయాయి. తరవాత దావాలో సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్ల పరిహారానికి రాజీ కుదిరింది. కాళ్ళూ చేతులూ రాలేదు.

ఈ కథ పాఠంలో చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఎవరూ అడగకపోవడం వల్ల ఇది జరగలేదు. అడిగారు. జవాబు కూడా వచ్చింది. ఆ జవాబు అర్థమైందని అందరూ అనుకున్నారు. అర్థం కాలేదని తెలిస్తే మనిషి దుబాసీని పిలుస్తాడు. అర్థమైందనుకుంటే పిలవడు. తెలిసిన మాటలా వినబడినప్పుడే 'అంటే ఏమిటండీ' అని రెండోసారి అడగాలి. నా 'రెగులార్'కు ఆ పెద్దావిడ చేసినది అదే. కుర్చీ లాక్కుని, 'కె తియెనెస్?' అని ఇంకోసారి అడిగింది.

జవాబు విన్నాక ఏమనాలి? తగ్గిపోవాలని కోరుకుంటే 'కె తె మెహోరెస్' అంటారు. నువ్వు మెరుగుపడాలి అని. బాధ విన్నప్పుడు 'లో సియెంతో'. క్షమించమని అడగడానికి కూడా అదే మాట. కానీ దాని అక్షరార్థం 'నాకూ అది తెలుస్తోంది, నేనూ దాన్ని అనుభవిస్తున్నాను' అని. మనం 'క్షమించండి' అన్నప్పుడు ఎదుటివాళ్ళను ఒకటి ఇమ్మని అడుగుతున్నాం. 'లో సియెంతో' ఏమీ అడగదు. మన భాషలో దానికి అసలైన సాటి 'అయ్యో'. చావు జరిగిన ఇంట్లో 'తె అకొంపాన్యో ఎన్ ఎల్ సెంతిమియెంతో' అంటారు. ఈ బాధలో నీకు తోడుగా వస్తున్నాను అని. సంతాపానికి వాళ్ళకున్న మాట 'పేసమె'. 'నాకు బరువుగా ఉంది' అనే వాక్యం నుంచి పుట్టిందది.

ఆ వహాకా పెద్దావిడకు ఇప్పుడు తొంభై దగ్గర పడ్డాయి. ఈ మధ్య ఒకరోజు ఫోన్ చేశాను. ఇక్కడ రాత్రి ఏడున్నర, అక్కడ పొద్దున ఎనిమిది. మనవరాలు ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టింది. ఈసారి నేనే ముందు అడిగాను, ఉస్తెద్ అంటూ. "కోమో అమనెసియో?" మీరెలా తెల్లవారారు?

అవతల చాలాసేపు చప్పుడు లేదు. నేనేమీ మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా అంది. "అమనెసీ, మిహా. యా ఎస్ గనాన్సియా." తెల్లవారాను తల్లీ. అదే లాభం. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయంది. రొట్టె తిప్పడానికి ఇప్పుడు మనవరాలే అంది. మళ్ళీ కాసేపు ఆగి, మీకక్కడ చీకటి పడింది కదూ అని గుర్తుచేసుకుని అడిగింది.

"ఇ తూ? కోమో అనొచెసిస్తె?"

మరి నువ్వో? ఎలా పొద్దుగూకావు?

ఆ రోజు నాకు బాగా లేదు. 'రెగులార్' అన్నాను. ఈసారి అర్థం తెలిసే అన్నాను. ఫోను అవతల కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.